పిళ్లారి గీతం దగ్గర ఆగిన పాఠం

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది నల్గొండ పట్టణం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. ఏడాదిన్నరగా మా కాలనీలోనే ఉండే ఒక టీచరమ్మ దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు అయిపోయి ఇప్పుడు పిళ్లారి గీతాలకు వచ్చింది. మొదటి గీతమే వినాయకుడి స్తుతి. ఆ సంగతి తెలిసిన మా సంఘపెద్ద ఒకరు, ఈ సంగీతం సామవేదంలోంచి పుట్టిందనీ, రాగాల పేర్లు కూడా దేవతల పేర్లేననీ, విశ్వాసుల పిల్లలకు ఇది తగదనీ అన్నారు. మావారు రాత్రిపూట ఫోనులో పాశ్చాత్య వయొలిన్, ఆర్కెస్ట్రా సంగీతం వింటారు. దేవుని పేరు లేని సంగీతం కూడా లోకసంబంధమైనదేనని ఆయనకూ ఒక మాట పడింది. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆదివారం ఆరాధనలో పాత కీర్తన ఒకటి, పుస్తకంలో రాసి ఉన్న రాగంలోనే పాడాలని అమ్మాయి ముచ్చటపడుతోంది. యూత్ పిల్లలేమో కీబోర్డుకూ ప్యాడ్‌కూ అది కుదరదంటున్నారు. పాఠం మానిపించడమే మేలంటారా?
— ఒక తల్లి, నల్గొండ

సమాధానం: అమ్మా, మానిపించవద్దు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ ఉత్తరం చివరి వాక్యం చదివినప్పుడు ఇప్పటికే ఒకటి రెండు పాఠాలు తప్పించారేమోనని నాకు అనుమానం కలిగింది. అయితే మీ సంఘపెద్దగారి అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం కూడా నాకు ఇష్టం లేదు. ఆయన మాటలో కొంత నిజం ఉంది. మిగతాదంతా వేర్వేరు సంగతులను ఒకే మూటగా కట్టడం వల్ల వచ్చిన బరువు. రాగం ఒకటి, దాని మీద కూర్చున్న సాహిత్యం, అంటే పాటలోని మాటలు, మరొకటి; ఇంట్లో ఒక మనిషి సంగీతం వినడం ఒకటి, సంఘమంతా కూడి నోరు విప్పి దేవుణ్ణి స్తుతించడం మరొకటి. ఆ మూట విప్పి చూస్తే మీ మూడు చిక్కుల్లో ఒక్కదానికే కాస్త ఆలోచించి అడుగు వేయవలసి ఉందని మీకే తెలుస్తుంది.

ఆ ఒక్కటీ పిళ్లారి గీతమే గనుక దానితోనే మొదలుపెడతాను. పిళ్లారి అంటే వినాయకుడే. తమిళుల పిళ్ళైయార్ మన నోట పిళ్లారి అయ్యాడు. పదహారో శతాబ్దపు పురందరదాసు వేశాడని చెప్పుకొనే బాటలో పాఠం మాయామాళవగౌళ రాగంలోని సరళీ వరుసలతో మొదలై, జంట వరుసలూ అలంకారాలూ దాటి, మలహరి రాగంలోని ఈ చిన్న చిన్న గీతాల దగ్గరికి వస్తుంది. దక్షిణాదిలో సంగీతం నేర్చుకొనే పిల్లలు తరతరాలుగా ఎక్కుతున్న మెట్లు ఇవే కాబట్టి, మీ టీచరమ్మ మీ అమ్మాయి మీద ఏదో కావాలని రుద్దుతున్నారన్న అనుమానం మీకు అక్కరలేదు. ఇంకొక సంగతి కూడా గమనించండి. ఈ ఏడాదిన్నరలో మీ అమ్మాయి నోట సరిగమపదని అన్న ఏడక్షరాలు తప్ప ఏ దేవుడి పేరూ పలకలేదు. పెద్దాయన అభ్యంతరానికి నిజంగా చోటున్నది ఇప్పుడే, సాహిత్యం మొదలైన ఈ మెట్టు మీదే.

ఇక్కడ మన విశ్వాసులలోనే రెండు రకాల మనస్సాక్షులు ఉన్నాయి, రెండింటినీ నేను గౌరవిస్తాను. ఒకరు ఇలా అంటారు: మన పిల్లలు బడిలో తెలుగు వాచకంలోని పోతన పద్యాన్ని కంఠతా పట్టి అప్పజెబుతున్నారు, మార్కులు తెచ్చుకుంటున్నారు, ఏ పాస్టరుగారూ దాన్ని విగ్రహారాధన అనలేదు. అలాగే గీతం కూడా ఒక పాఠమే, దాన్ని పాఠంగా పాడితే తప్పేమిటి? ఇంకొకరు, పద్యాన్ని అప్పజెప్పడం వేరు, చేతులు కట్టుకొని కూర్చుని ఒక దేవతను సంబోధిస్తూ గొంతెత్తి పాడడం వేరు అంటారు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయంలో విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి మాట్లాడుతూ దాదాపు ఈ రెండు మనస్సాక్షుల్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. విగ్రహం వట్టిదని తెలిసినవాడికి ఆ భోజనంలో హాని లేదు, కానీ ఆ తెలివి అందరికీ లేదు, బలహీనుడి మనస్సాక్షిని గాయపరచడం పాపం అన్నది ఆయన తీర్పు. ఈ తీర్పు ప్రకారం మీరు మొట్టమొదట అడగవలసింది సంఘపెద్దగారిని కాదు, నన్ను అంతకన్నా కాదు, మీ అమ్మాయిని. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లకు ఆ మాటలు పలికేటప్పుడు లోపల ఏమనిపిస్తోందో చెప్పగల వయసు ఉంటుంది. తనకు ఇబ్బందిగా ఉందంటే ఆ ఇబ్బందిని నవ్వి తోసిపుచ్చకండి. ఏమీ లేదంటే, లేని ఇబ్బందిని మీరు పుట్టించకండి.

ఇబ్బంది ఉన్న పక్షంలో దారి సులువైనదే. గీతం నేర్పేటప్పుడు ముందు స్వరం పాడించి, తాళం నిలిచాక ఆ స్వరస్థానాల మీదే సాహిత్యం అందిస్తారు. మీరు టీచరమ్మ దగ్గరికి స్వయంగా వెళ్లి, మా ఇంటి విశ్వాసం ఇది, పిల్ల గీతాన్ని స్వరంగా రెండు కాలాల్లో (వేగాల్లో) పాడుతుంది, సాహిత్యం వింటుంది, అర్థం తెలుసుకుంటుంది, పాడడం మాత్రం స్వరం దగ్గర ఆపుతుంది, మీకు సమ్మతమేనా అని మర్యాదగా అడగండి. ఫోనులో మెసేజి పెట్టకండి, పిల్ల చేత చెప్పించకండి. సంగీతం నేర్పేవారికి శిష్యురాలి శ్రుతి, తాళం ముఖ్యం గనుక ఒప్పుకొనే అవకాశమే ఎక్కువ. ఒకవేళ ఒప్పుకోకపోతే అది ఆమె విద్య, ఆమె నియమం. నొచ్చుకోకుండా నమస్కారం పెట్టి మరొకరిని వెతుక్కోవాలి.

ఒక్కటి మాత్రం చేయవద్దు. ఆ గీతంలోని పేరు తీసి మన ప్రభువు పేరు పెట్టి పాడించమని ఎప్పుడూ అడగకండి. ఒక భక్తుడు తన ఇష్టదైవానికి కట్టుకున్న మాటలను మనం పక్కకు నెట్టి ఆ చోట కూర్చోవడం ఆయనకూ అన్యాయమే, మన ప్రభువుకూ ఘనత కాదు. 2018లో కొందరు కర్ణాటక విద్వాంసులు క్రైస్తవ గీతాలు పాడడం మీద తమిళనాట పెద్ద గొడవ జరిగినప్పుడు, త్యాగరాజ కృతులలో పేర్లు మార్చి పాడుతున్నారన్న ఆరోపణే జనానికి ఎక్కువ కోపం తెప్పించింది. కొత్తగా మన మాటలతో మన కీర్తన కట్టుకొని ఏ రాగంలో పాడుకున్నా ఎవరి సొమ్మూ తీసుకున్నట్టు కాదు. పేర్లు మార్చడం మాత్రం వేరే సంగతి, దాన్ని నేను ఎక్కడా సమర్థించను.

రాగాల పేర్ల విషయంలో నాకు ఇంత ఓపిక లేదు. శంకరాభరణం అనగానే శివుడు కనిపిస్తున్నాడని జంకేవారు, సూర్యుడి పేరున్న ఆదివారం నాడే గదా గుడికి వెళ్తున్నారు. పౌలుకు తోటి పనివాడైన అపొల్లో పేరులో గ్రీకుల అపొల్లో దేవుడు ఉన్నాడు, రోమా పత్రిక పదహారో అధ్యాయంలో వందనాలు అందుకున్న హెర్మే పేరు వాళ్ల హెర్మెస్ దేవుడి పేరే. అపొస్తలుడు వారిలో ఎవరి పేరూ మార్పించలేదు. సామవేదం మాటకు వస్తే, మన సంగీత సంప్రదాయం తన మూలాన్ని అక్కడ చెప్పుకొంటుందన్నది నిజమే. కానీ స్వరాలు ఎవరి వేదంలోనూ పుట్టలేదు. బిగించిన తీగను సరిగ్గా సగంలో నొక్కి మీటితే పైస్థాయి షడ్జం (స) పలుకుతుంది, మూడింట రెండు వంతులు మోగేట్టు నొక్కితే పంచమం (ప) పలుకుతుంది. నల్గొండలో నొక్కినా జర్మనీలో నొక్కినా అదే పంచమం. అందుకే మనవాళ్ల ధీరశంకరాభరణం స్వరాలూ, పాశ్చాత్యులు మేజర్ స్కేలు అనే స్వరాలూ ఒక్కటే అయ్యాయి. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు వైపు వినిపిస్తున్న ఇంగ్లీషు బ్యాండు మెట్లను, అంటే బాణీలను, తీసుకొని వాటి మీద సంస్కృత సాహిత్యం రాశారు. వాటిని నోట్టుస్వరాలంటారు. అందులో ఇంగ్లండు రాజుగారి క్షేమం కోరే వాళ్ల జాతీయగీతం మెట్టు కూడా ఉంది. ఆ మెట్టు వాడుకున్నందుకు ఆయన రాజుగారి భక్తుడూ కాలేదు, క్రైస్తవుడూ కాలేదు.

ఆ మాటకొస్తే మన తెలుగు బైబిలును అనువదించిన పెద్దలకు రాగం అన్న మాట అంటరానిది కాలేదు. ఎనిమిదో కీర్తన శీర్షిక తీసి చూడండి, గిత్తీత్ రాగముమీద పాడదగినది అని ఉంటుంది. నూట యాభయ్యో కీర్తనలో స్వరమండలము, సితారా, తంబుర, పిల్లనగ్రోవి అన్నీ వరుసగా వస్తాయి. మూలంలో ఉన్న హెబ్రీ వాద్యాలు అచ్చంగా ఇవి కావు, తంబుర అన్నచోట అసలున్నది చేత్తో వాయించే ఒక చిన్న డప్పు. అయినా తెలుగువాడికి దేవుని స్తుతి ఏ వాద్యాలతో చెవిన పడాలో ఆ అనువాదకులు నిర్ణయించుకున్నారు. సంఘపెద్దగారితో వాదానికి దిగకుండా, ఆ శీర్షిక ఉన్న పేజీ ఆయన ముందు తెరిచి పెట్టండి చాలు.

ఇక మీవారి సంగతి. మాటలు లేని సంగీతంలో దేవుని పేరు ఉండదు గనుక అది లోకసంబంధమైనదనడానికి లేఖనంలో నాకు ఆధారం కనిపించదు. సౌలు మనస్సు చెదిరినప్పుడు దావీదు సితారా వాయించాడు, సౌలు సేదదీరాడు అని మొదటి సమూయేలు పదహారో అధ్యాయం చెబుతుంది. దావీదు ఏమి పాడాడన్న మాట అక్కడ లేదు. రెండో రాజుల గ్రంథం మూడో అధ్యాయంలో ఎలీషా, ప్రవచించే ముందు, వాద్యం వాయించేవాణ్ణి ఒకణ్ణి పిలిపించమన్నాడు. అక్కడా పాట లేదు, వాద్యమే. పాశ్చాత్య సంగీతంలో బాఖ్ (1685–1750) పేరు మీవారికి తెలిసే ఉంటుంది. 1723 నుంచి చనిపోయేదాకా లైప్‌జిగ్ పట్టణంలో చర్చి సంగీతాన్ని నడిపిన ఆ మనిషి తన చర్చి రచనల చివర, దేవునికి మాత్రమే మహిమ అన్న లాటిన్ మాటల పొడి అక్షరాలు రాసుకొనేవాడు. ఆయన సొంత బైబిలు ఒకటి తర్వాతి కాలంలో దొరికింది. రెండో దినవృత్తాంతాల ఐదో అధ్యాయంలో లేవీయులు ఏకస్వరంతో పాడగా మందిరం మేఘంతో నిండిన చోట, భక్తితో కూడిన సంగీతం ఉన్నచోట దేవుడు తన కృపతో ఎప్పుడూ ఉంటాడన్న భావం వచ్చేలా ఆయన తన చేత్తో అంచున రాసుకున్నాడు.

అయితే అదే బాఖ్‌ను చూపించి ఇది పవిత్ర సంగీతం, అది లోక సంగీతం అని గీత గీయబోతే గీత నిలవదు. క్రీస్తు శ్రమల మీద ఆయన కట్టిన పెద్ద రచనలో, ముళ్ల కిరీటంతో గాయపడిన శిరస్సును తలచుకొనే కీర్తన ఒకే మెట్టులో పదేపదే వస్తుంది. శుభ శుక్రవారం నాడు ఇప్పటికీ ప్రపంచమంతా పాడుకొనే ఆ మెట్టు 1601లో హాన్స్ లియో హాస్లర్ అచ్చువేసిన ప్రేమ పాటది. ఒక కన్య మీద మనసు పడి మతి చెదిరిన యువకుడి పాట అది. 1734 నాటి క్రిస్మస్ రచన మొదట్లో వచ్చే డోళ్ల బృందగానం అంతకు ముందు ఏడాది ఒక రాణిగారి పుట్టినరోజుకు బాఖే రాసింది. తన సొంత సంగీతానికి తానే మాటలు మార్చుకున్నాడు గనుక పైన నేను వద్దన్న పని ఆయన చేయలేదు లెండి. హాండెల్ అనే సంగీతకారుడు క్రీస్తు మీద కట్టిన మెస్సయ్యను 1742 ఏప్రిల్‌లో డబ్లిన్ నగరంలో మొదట వినిపించింది చర్చిలో కాదు, ఒక సంగీతశాలలో. ఆ రాబడి ఆసుపత్రులకూ, అప్పులు తీర్చలేక జైలులో పడినవారి విడుదలకూ వెళ్లింది. మరుసటి ఏడాది లండనులో దాన్ని నాటకశాలలో పాడబోతే, దేవుని వాక్యాన్ని నాటకాలాడే చోట పాడతారా అని పత్రికలో అభ్యంతరం వచ్చింది. మీవారికి పడిన మాట కొత్తదేమీ కాదు.

మీవారి పక్షాన ఇంత చెప్పాక ఆయనకూ ఒక మాట. ఇక్కడ నాకు గురువు ప్రాచీన సంఘపు బోధకుడైన అగస్టీను. తన ఒప్పుకోళ్ల గ్రంథం పదో భాగంలో ఆయన ఈ విషయంలో తనలో తాను పడిన పెనుగులాటను దాచుకోకుండా రాశాడు: పాటలోని మాట కన్నా పాడే గొంతు తనను ఎక్కువగా కదిలించినప్పుడు తాను పాపం చేసినట్టే ఒప్పుకొంటాడు, అలాంటప్పుడు ఆ పాట వినకుండా ఉండడమే మేలనుకొంటాడు. మళ్లీ, తాను కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన రోజుల్లో మిలాను సంఘం పాడుతుంటే కార్చిన కన్నీళ్లను తలచుకొని, గుడిలో పాట ఉండాల్సిందేనని ఒప్పుకొంటాడు. ఆ రెండింటి మధ్య ఆయన తేల్చుకోలేదు. తేల్చుకోకపోవడం వల్లనే ఆ పేజీ నాకు నమ్మకంగా అనిపిస్తుంది. మీవారు రాత్రి పది గంటలకు వయొలిన్ వింటే ఎవరికీ నష్టం లేదు. ఆ వయొలిన్ విన్న హాయినే ప్రార్థన చేసుకున్నట్టు లెక్క వేసుకొని మోకాళ్లూనడం మానేస్తే మాత్రం నష్టం ఆయనదే. ఆ తేడా ఆయనకే తెలుస్తుంది. మీరు గానీ సంఘపెద్దగారు గానీ కొలిచి చెప్పగలిగేది కాదు.

ఆరాధనలో పాడే పాట విషయంలో మాత్రం కొలత ఉంది, దాన్ని నేను దేవరకొండ వైపు ఒక పల్లెలో సిగ్గుపడుతూ నేర్చుకున్నాను. అప్పటికి నాకు ముప్పయ్యేళ్లు. హైదరాబాదులో ఏడేళ్లు సంగీతం నేర్చుకొని వచ్చిన పొగరు ఇంకా దిగలేదు. కోతపండుగకు పిలిచారు. రేకుల కప్పు గుడి, లోపల చాపలు, కానుకగా తెచ్చిన వడ్ల బస్తాలూ సొరకాయలూ బలిపీఠం ముందు గుట్టగా పోసి ఉన్నాయి. నేను ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి, శీర్షిక కింద రాసి ఉన్న రాగం పేరు చూసుకొని, హార్మోనియం మీద శ్రుతి పట్టి, ముందు కాసేపు ఆలాపన చేశాను. ఆ తర్వాత పల్లవిని ఐదారు సంగతులతో, అంటే అదే పంక్తిని ప్రతిసారీ కొంచెం మారుస్తూ, తిప్పి తిప్పి పాడాను. సంఘం ప్రతిసారీ అందుకోబోయేది, నేను మరో సంగతిలోకి వెళ్లిపోయేవాణ్ణి, వాళ్లు ఆగిపోయేవారు. ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలమ్మ నోరు తెరిచి మూసి, తెరిచి మూసి, చివరకు చేతిలోని చిడతలు ఒళ్లో పెట్టుకుంది. ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకొని, “మంచిగనే పాడినవ్ బిడ్డా, గని మమ్మల్నెప్పుడు పాడనిస్తవ్?” అంది. ఆమెకు చదువు రాదు. అదే కీర్తన చరణాలన్నీ ఆమెకు నోటికి వచ్చునని ఆ సాయంత్రం వాళ్ల వాకిట్లో కూర్చున్నప్పుడు తెలిసింది. ఒక్క మాట తప్పకుండా చివరి చరణం దాకా పాడింది. రాగం మాత్రం పుస్తకంలో ఉన్నది కాదు.

మన కీర్తన అనే రూపం అలాంటివాళ్ల కోసం ఏర్పడిందే. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు పల్లవి, అనుపల్లవి, చరణాలతో, మన రాగతాళాలతో కట్టిన కీర్తనలలో చరణం చరణానికీ పల్లవి తిరిగి వస్తుంది గనుక, అక్షరం రానివారు కూడా పాడేవాడి చరణాన్ని చెవితో పట్టుకొని, పల్లవిలో కలిసిపోయి, కొన్నాళ్లకు చరణాలు కూడా వశం చేసుకొన్నారు. పుస్తకం చేతిలో లేని సంఘాలకు సిద్ధాంతబోధ ఈ చరణాలలోనే జరిగింది. తంజావూరులో వేదనాయగం శాస్త్రి (1774–1864) తమిళంలో చేసిన పని కూడా ఇలాంటిదే. అందువల్ల శాస్త్రీయ సంగీతం మన ఆరాధనకు బయటి నుంచి తెచ్చిపెట్టుకొనే అలంకారం కాదు. ఒకప్పుడు మనింట్లోనే ఉండి, ఇప్పుడు శీర్షిక కింద రెండు మాటలుగా మిగిలిపోయింది.

ఎందుకు మిగిలిపోయిందన్నది యూత్ పిల్లలకు చెప్పవలసిన సంగతి. మన గుళ్లలోకి వచ్చిన హార్మోనియం మెట్లు బిగించిన పెట్టె, దాని మీద గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, కుదరదు. ఇలాంటి కారణాలతోనే ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని దూరం పెట్టింది. గమకం పలకని పెట్టె వెంట పాడి పాడి మన సంఘాలు రాగాన్ని చదునుచేసుకున్నాయి, ఊరికో మెట్టు అయింది. దీన్ని సరిదిద్దవచ్చా అంటే, మన పాలమూరు, నల్గొండ ప్రాంతాలతో సంబంధం ఉన్న ఒక ఉదాహరణ ఉంది. మహబూబ్‌నగర్, దేవరకొండ, వనపర్తి, గద్వాల వైపు సంఘాలు కట్టిన మెన్నొనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టంట్ శాఖ మిషనరీల పూర్వీకులు రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతంలో బతికిన, జర్మను మాట్లాడే రైతులు. చెవినబడి నేర్చిన వాళ్ల కీర్తనలు కూడా తరాలు గడిచేకొద్దీ ఊరికో తీరుగా వంకరలు తిరిగాయి. పంతొమ్మిదో శతాబ్దంలో వాళ్ల బడిపంతుళ్లు ఒకటి నుంచి ఏడు దాకా అంకెలతో స్వరాలు రాసి, మన సరిగమల మాదిరిగానే, పిల్లలకు సరైన మెట్టు నేర్పారు. హైన్రిక్ ఫ్రాంజ్ అనే ఉపాధ్యాయుడి అంకెల పుస్తకం 1860లో అచ్చయింది. ముసలివాళ్లు ఆ అంకెల పాట మాకొద్దని గట్టిగానే ఎదురుతిరిగారు. చివరకు అది నిలిచింది పిల్లల నోట. మీ ఇంట్లో కూడా మొదలైంది ఒక పిల్లతోనే.

కీబోర్డుకు కుదరదన్న మాట నిజం కాదని కూడా ఆ పిల్లలతో చెప్పండి. మోహన రాగం ఆరోహణకు కావలసినవి ఐదు స్వరాలే, కీబోర్డులో మూడు నల్లమెట్ల గుంపులోని మొదటిదాన్ని షడ్జంగా పట్టి ఐదు నల్లమెట్లు వరుసగా నొక్కితే పలుకుతాయి. శంకరాభరణం తెల్లమెట్ల మీదే ఉంది. గమకం ఇచ్చే పని గొంతుది, కీబోర్డు శ్రుతి పట్టుకొని వెనుక ఉంటే సరిపోతుంది. ప్యాడ్ వాయించే అబ్బాయి ఒక్క పాటకు చేతులు కట్టుకొని కూర్చోవడం అతనికీ మంచిదే. వాద్యాల పవిత్రత మీద పట్టుదల ఎంత నిలకడలేనిదో చూడాలంటే, 1903లో పోపు పదో పయస్ కథోలిక దేవాలయాల్లో నిషేధించిన వాద్యాల్లో పియానో కూడా ఉందని గుర్తుచేయండి. ఆ పియానోకు మనవడి వరసైన కీబోర్డు లేకుంటే ఇప్పుడు మనకు ఆరాధన మొదలే కాదు.

అమ్మాయికి నేను చెప్పేది ఇది. మొదటిసారి పాడడానికి సంఘానికి బాగా తెలిసిన కీర్తననే ఎంచుకోవాలి, మెట్టు ఎంత మారినా మాటలు అందరికీ నోటికి వచ్చినది. ఇంట్లో ఎన్ని సంగతులైనా సాధన చేయవచ్చు, ఆదివారం మాత్రం పల్లవికి ఒక్కటే సంగతి, అదీ ప్రతిసారీ అదే. ఆలాపన పాడాలనిపిస్తే కానుకలు పట్టే సమయమో, ప్రభువు బల్ల దగ్గరికి వరుసలు కదిలే సమయమో ఉంది; అక్కడ సంఘం ఎలాగూ పాడదు, చెవులు ఖాళీగా ఉంటాయి. శ్రుతి విషయం మరీ జాగ్రత్త. తన గొంతుకు హాయిగా ఉందని అయిదో శ్రుతిలో అందుకుంటే మగవాళ్లకు పై స్వరాలు అందవు, కింది స్థాయిలో మూలుగుతారు. శ్రుతిని రెండు మెట్లు అటూ ఇటూ జరిపి, ఇంట్లో వాళ్ల నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకొని పాడించి, ఆయన గొంతు ఎక్కడ తేలికగా నడుస్తుందో చూసుకోవాలి. రాత్రిపూట వినే వయొలిన్‌కు ఆయన చేత ఆ మాత్రం పని చేయించవచ్చు. పాటకు ముందు శనివారం స్త్రీల సమాజంలో పల్లవి ఒకటికి నాలుగుసార్లు చెప్పి పాడించుకుంటే, ఆదివారం అందుకొనే గొంతులు పది ముందే సిద్ధంగా ఉంటాయి. ఆత్మతో పాడుదును, మనస్సుతోను పాడుదును అని పౌలు రాసినప్పుడు ఆయన కొరింథు సంఘంలో వెతికింది, విన్నవాడు ఆమేన్ అనగలిగేలా అర్థమవుతుందా అన్నదే. పదిమంది అందుకోలేకపోతే వచ్చే వారం ఆ పాట ఇంకా సరళం చేయాలి, అందులో చిన్నతనమేమీ లేదు.

పాస్టరుగారి అనుమతి ముందే అడగండి. సంఘపెద్దగారికి కూడా ఫలానా ఆదివారం ఫలానా కీర్తన అని చెప్పండి, ఏ రాగమో ఆయన అడిగితే పుస్తకంలో శీర్షిక చూపించండి. వీలైతే టీచరమ్మను కూడా ఆ రోజు గుడికి పిలవండి. ఆమె రావచ్చు, రాకపోవచ్చు. వస్తే, పిల్లకు మూడో చరణంలో శ్రుతి ఎక్కడ జారిందో మీ సంఘం మొత్తంలో చెప్పగలిగేది ఆవిడ ఒక్కరే.